నాది తొందర, ఆయనది నాన్చుడు. ఎవరు మారాలి?

ప్రశ్న: ఏదనిపిస్తే అది వెంటనే చేసేస్తాను. మొన్న మా మేనేజరుతో మాటామాటా పెరిగి, పది నిమిషాల్లో రాజీనామా మెయిల్ పంపేశాను. మావారిది పూర్తిగా వేరే తీరు. బాబును ఏ స్కూల్లో వేయాలో ఏడాదిగా ఆలోచిస్తూనే ఉన్నారు. పైగా నన్నే 'బుర్ర వాడవా?' అంటారు. నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: ముందు ఒక లెక్క. చెరువులో తామరాకులు రోజూ రెట్టింపవుతూ 48వ రోజుకు చెరువంతా కమ్మేశాయి. సగం చెరువు నిండింది ఎన్నో రోజున? చటుక్కున నోటికొచ్చేది 24. కాసేపు ఆగితే 47 అని తెలుస్తుంది. షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు 2005లో ఇలాంటి లెక్కలిస్తే పేరున్న యూనివర్సిటీల విద్యార్థులే చాలామంది తప్పారు. కాబట్టి లోపం మీ ఒక్కరిదే కాదు, మనిషి బుర్రే అంత. ముందు తట్టినదాన్ని సరిచూసుకోవడానికి దానికి బద్ధకం.

అలాగని తొందరంతా చెడ్డదని నేననను. చటుక్కున తట్టినదాన్ని ఎప్పుడు నమ్మొచ్చన్న విషయంలో డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చాలాకాలం భిన్నంగా ఆలోచించారు. చివరికి 2009లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాశారు. ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, మన అంచనా తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు తెలుస్తూ బాగా అలవాటై ఉండాలి. అప్పుడు నమ్మొచ్చన్నారు. బాబు ముఖం చూడగానే వాడికి ఒంట్లో బాగాలేదని మీకు తెలిసిపోతుంది కదా, అది నమ్మండి. రాజీనామాలు మాత్రం ఇప్పటిదాకా ఎన్ని చేశారు?

ఇక మీవారి సంగతి. నిదానం వేరు, నాన్చడం వేరు. ఈ ఏడాదిలో ఆయన ఎన్ని స్కూళ్లు చూశారు, ఎంతమంది తల్లిదండ్రులతో మాట్లాడారు? కొత్తగా తెలుసుకున్నదేమీ లేకపోతే అది ఆలోచన కాదు, తప్పు చేస్తానేమోనన్న టెన్షన్. ఈ మాట దెప్పిపొడుపులా అనకండి, నిజంగా అడగండి.

ఇద్దరూ కూర్చుని క్లైన్ చెప్పిన పద్ధతి ఒకటి చేసి చూడండి. ఒక స్కూలు ఎంచుకున్నట్టే అనుకోండి. ఏడాది గడిచింది, ఆ నిర్ణయం బెడిసికొట్టింది. ఎందుకై ఉంటుంది? మీరు గబగబా కారణాలు చెప్పండి, వాటిలో నిలిచేవేవో ఆయన్ని తేల్చమనండి. ఫలానా తేదీకి ముగించాలని ముందే అనుకోండి.

మెయిల్ సంగతంటారా, ఆ గొడవే జరక్కపోయుంటే ఈ ఉద్యోగం మానేసేవారా? మానేదాన్నే అంటే ఇక వెనక్కి చూడకండి. కాదంటే రేపే వెళ్లి, కోపంలో పంపానని మేనేజరుకు ముఖాముఖి చెప్పండి. ఈసారి మెయిల్ వద్దు.