ఎండ ప్రాంతంలో ఉద్యోగం: పెట్టెలో ఏయే బట్టలు సర్దుకోవాలి?

ప్రశ్న: నాకు ఈమధ్యే ఉద్యోగం వచ్చింది. చేరవలసిన చోట ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండలు మండిపోతాయట. నేను పెరిగింది చల్లని ప్రాంతంలో కాబట్టి నా దగ్గరున్నవన్నీ మందపాటి ప్యాంట్లు, పొడుగు చేతుల ముతక చొక్కాలే. మొదటి జీతం అందేదాకా చేతిలో డబ్బు తక్కువ, పైగా ఒక్క పెట్టెకు మించి తీసుకువెళ్లలేను. ఆఫీసులో హుందాగా కనిపించాలి, చెమటతో ముద్దయిపోకూడదు. ఎన్ని జతలు కొనాలి? ఎలాంటి గుడ్డ ఎంచుకోవాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా ‘ఎన్ని’ అన్నదానికే సమాధానం చెబుతాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది అక్కడే. ఐదు టాప్‌లు లేదా చొక్కాలు, మూడు ప్యాంట్లు కొనుక్కుని బయలుదేరండి. ఇంకా కొనాలని ఎంత అనిపించినా ఆగి, మిగిలిన డబ్బు దాచుకోండి. అక్కడిది పొడి ఎండా లేక ఉక్కపోతా, ఆఫీసులో ఏసీ ఎంత చల్లగా పెడతారు, మీతో పనిచేసేవాళ్లు నిజంగా ఏం వేసుకొస్తున్నారు అన్న మూడు సంగతులూ వెళ్లి రెండు వారాలు గడిపితే తప్ప తెలియవు. అవి తెలియకుండా కొన్న బట్టల్లో కొన్నయినా పెట్టె అడుగునే ఉండిపోతాయి.

ఐదు, మూడు అన్న లెక్క ఉతుకుడును బట్టి వేసింది. చెమట పట్టిన చొక్కాను ఉతక్కుండా మళ్లీ వేసుకోలేం గానీ, ప్యాంటును రాత్రి గాలికి ఆరేస్తే రెండో రోజు కూడా వేసుకోవచ్చు. వారానికి రెండుసార్లు ఉతుక్కోగలిగితే ఈ ఎనిమిదింటితో ఇబ్బంది లేకుండా గడుస్తుంది. ప్యాంట్లు మూడూ నేవీ బ్లూ, నలుపు, ఖాకీ వంటి నిలకడైన రంగుల్లో ఉండి, ప్రతి చొక్కా మూడింటి మీదికీ నప్పేలా చూసుకుంటే పదిహేను జతలవుతాయి. ఒక్క ప్యాంటు మీదికే నప్పే చొక్కాను, అది ఎంత చవకగా వచ్చినా, తీసుకోకండి.

ఇక గుడ్డ సంగతి. సాధారణ గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర శాతమైనా పట్టదు. అందుకే మామూలు పాలిస్టర్ చొక్కాలో చెమట గుడ్డలోకి ఇంకక ఒంటి మీదే జిగటగా నిలిచిపోతుంది. అలాగని నూలైతే ఏదైనా మంచిదే అనుకోవడం కూడా పొరపాటు. మందపాటి నూలు గుడ్డ ఒకసారి తడిసిందంటే ఉక్కపోతలో గంటల తరబడి ఆరదు. కనుక నూలా కాదా అని ఎంత పట్టించుకుంటారో, ఎంత పల్చన అన్నదీ అంతే పట్టించుకోండి. చదరపు మీటరుకు 100 నుంచి 130 గ్రాముల మధ్య బరువుండే గుడ్డ చొక్కాలకు హాయిగా ఉంటుంది, ప్యాంట్లకు 200 గ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది. మామూలు జీన్స్ గుడ్డ 350 గ్రాములు, అంతకు మించి కూడా తూగుతుంది కనుక దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లండి. లినెన్ చల్లగా ఉంటుంది గానీ మధ్యాహ్నానికే బాగా నలుగుతుంది, ధరా ఎక్కువే. ఒక్కటి చాలు. ప్యాంటు గుడ్డలో కొంత పాలిస్టర్ కలిసి ఉంటే మాత్రం నేను అభ్యంతరం చెప్పను, అది త్వరగా ఆరుతుంది, మడత నిలుస్తుంది.

బరువు ఎంతో చీటీ మీద రాసి లేకపోతే మీరే పరీక్షించుకోవచ్చు. చొక్కాను దీపం వైపు ఎత్తి, గుడ్డ వెనక మీ అరచెయ్యి ఆనించి చూడండి. వేళ్ల నీడ లీలగా తెలిస్తే గాలి ఆడే గుడ్డ, వేళ్ల మధ్య సందులు కూడా లెక్కపెట్టగలిగితే ఆఫీసుకు మరీ పల్చన, ఏమీ కనిపించకపోతే మందం. తరవాత అంచును గుప్పిట్లో పట్టి పదిదాకా లెక్కపెట్టి వదలండి. ముడతలు పదునుగా గీతల్లా నిలిచిపోతే ఆ చొక్కాకు రోజూ ఇస్త్రీ తప్పదు. చివరగా లోపలి వైపు తిప్పి లైనింగు ఉందేమో చూడండి. పైగుడ్డ పల్చటి నూలే అయినా లోపల పాలిస్టర్ లైనింగు వేస్తే ఆ పల్చదనం వల్ల దక్కే సుఖమంతా పోతుంది.

వదులు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఒక గ్రాము చెమట ఆవిరైపోతూ ఒంటి నుంచి సుమారు 2,400 జౌల్‌ల (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడిని తీసుకుపోతుంది, అయితే అది ఆవిరి కావాలంటే గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి కదలాలి. ఎడారిలో నల్లటి వదులు అంగీలు వేసుకునే బెదూయిన్లు అనే అరబ్ సంచార జాతివాళ్ల మీద చేసిన ఒక పరిశోధన 1980లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అంగీ నల్లదైనా తెల్లదైనా ఒంటికి చేరిన వేడి ఒక్కటేనని, నల్ల గుడ్డ పీల్చిన అదనపు వేడి ఒంటిదాకా చేరకుండానే పోయిందని అందులో తేలింది. ఆఫీసు బట్టలు అంగీలంత వదులుగా ఉండవు, నిజమే. అయినా చంక కుట్టు దగ్గర, వీపు దగ్గర రెండు వేళ్లు సులువుగా దూరేంత వదులు ఉండాలి. బిగుతుగా ఉన్న ఖరీదైన చొక్కా కంటే వదులుగా ఉన్న చవక చొక్కాయే ఎండలో మిమ్మల్ని కాపాడుతుంది.

రంగుల్లో బూడిద రంగు, లేత నీలం వద్దు. చెమట తడి వాటి మీద కనిపించినంతగా మరే రంగు మీదా కనిపించదు. బూడిద రంగు చొక్కాతో ఒకసారి ముఖ్యమైన సమావేశానికి వెళ్లి, రెండు గంటలసేపు చేతులు కదపకుండా కూర్చున్నదాన్ని నేను. తెలుపు, ముదురు నీలం, చిన్న చిన్న పూలు లేదా గళ్లు ఉన్న గుడ్డలు తడిని దాచుతాయి.

మీ దగ్గరున్న ముతక చొక్కాల్లో బాగున్న ఒకదాన్ని తప్పక తీసుకువెళ్లి, ఆఫీసులో కుర్చీకి తగిలించి ఉంచుకోండి. ఏసీ చలికి వేరే కోటు కొనవలసిన అవసరం తప్పుతుంది. కొన్న నూలు బట్టలన్నీ ఒకసారి ఉతికి, ఆరాక వేసుకుని చూసి, అప్పుడే పెట్టెలో పెట్టండి. మొదటి ఉతుకులో నూలు కుదించుకుపోవడం మామూలే, కనుక పొడవు తగ్గించే పని ఉంటే టైలరుకు ఇవ్వడం కూడా ఆ తరవాతే.

ప్రశ్న: తెల్ల చొక్కాలకు చంకల్లో పసుపు మరకలు పడి, బ్లీచింగ్ పొడితో ఉతికినా పోవడం లేదు. కొత్తవి కొనడం ఒక్కటే దారా? (మరొక పాఠకుడు)

జవాబు: బ్లీచింగ్ పొడి వాడకం వెంటనే ఆపండి, దానివల్ల ఆ పసుపు ఇంకా ముదురుతుంది. చెమటను ఆపే రోల్ ఆన్‌లలో అల్యూమినియం లవణాలుంటాయి, అవి చెమటతో కలిసి గుడ్డలో పేరుకోవడమే ఈ మరకలకు ముఖ్య కారణం. రోల్ ఆన్‌ను పొద్దున హడావుడిగా కాకుండా, రాత్రి పడుకునే ముందు పొడి చర్మానికి రాసుకోండి. అలా రాస్తే బాగా పనిచేస్తుంది, గుడ్డకు అంటుకునేదీ తగ్గుతుంది. చొక్కా విప్పిన రోజే చంకల భాగాన్ని నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌లో అరగంట నానబెట్టి, సబ్బుతో మెల్లగా రుద్ది ఉతకండి. మరక మిగిలి ఉండగా మాత్రం ఇస్త్రీ చేయకండి, ఆ వేడికి మరక గుడ్డలో స్థిరపడిపోతుంది.