యాప్ చేయడం నేర్చుకుంటున్నారా? సాయం అడిగే పద్ధతి ఇది

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నిరుడు బడిలో స్క్రాచ్ (దిమ్మెలను తగిలిస్తూ ప్రోగ్రాములు చేసే సాధనం) నేర్పించారు. ఈ ఏడాది ప్రాజెక్టుగా, హోంవర్కు గుర్తుచేసే ఆండ్రాయిడ్ యాప్ ఎంచుకున్నాను. వీడియోలు చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, సొంతంగా మొదలుపెడితే మాత్రం యాప్ తెరవగానే మూతపడుతోంది. టీచరుగారికి ఒక్కొక్కరి దగ్గరా కూర్చునే తీరిక ఉండదు. నాకు సాయం ఎక్కడ దొరుకుతుంది?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది వీడియోలకు సంబంధించినది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే పద్ధతి కొద్ది ఏళ్లలోనే చాలా మారింది. 2017లో గూగుల్, అప్పటికే వాడుకలో ఉన్న జావాతో పాటు కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు కూడా అధికారిక గుర్తింపు ఇచ్చింది. 2018లో పాత సపోర్ట్ లైబ్రరీల (యాప్‌లు వాడుకునే సిద్ధమైన కోడ్) స్థానంలో ఆండ్రాయిడ్ఎక్స్ వచ్చింది. 2021లో విడుదలైన జెట్‌ప్యాక్ కంపోజ్‌తో తెరను తయారుచేసే తీరే మారిపోయింది. జావాలో చెప్పిన పాత వీడియోలో సగం, కంపోజ్‌తో చెప్పిన కొత్త వీడియోలో సగం తీసుకుని కలిపితే, విడివిడిగా రెండూ సరైనవే అయినా, ఆ యాప్ నడవదు. కనుక ఏ పాఠమైనా మొదలుపెట్టే ముందు అది ఏ సంవత్సరానిదో, ఏ భాషలో ఉందో చూడండి. గూగుల్ ఉచితంగా అందిస్తున్న ‘ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్’ కోర్సును వెన్నెముకగా పెట్టుకోవాలని నా సలహా. ఒక భావన అర్థం కానప్పుడు మాతృభాషలో ఉన్న వీడియో చూడటం మంచిదే, కానీ కోడ్ మాత్రం ఆ ఒక్క కోర్సు నుంచే తీసుకోండి. పాఠం ముగిశాక దాన్ని మూసేసి, అదే యాప్‌లో ఏదో ఒక చిన్న మార్పు సొంతంగా చేసి చూడండి. వీడియో చూసినప్పుడు అర్థమైనట్టు అనిపించినదానిలో నిజంగా వచ్చింది ఎంతో అప్పుడు తెలుస్తుంది.

రెండో ఇబ్బంది, యాప్ మూతపడటం. దీనికి మొదటి సాయం, యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లోనే, లాగ్‌క్యాట్ అనే కిటికీలో ఉంటుంది. యాప్ ఆగిపోయిన క్షణంలో అక్కడ ‘ఫేటల్ ఎక్సెప్షన్’ అనే మాటతో ఎర్ర అక్షరాల వరుస ఒకటి కనిపిస్తుంది. దాని పొడవు చూసి చాలామంది బెదిరిపోతారు గానీ, అందులో చదవవలసినది కొంతే: తప్పు పేరు, ‘కాజ్డ్ బై’ (దీనివల్ల) అని ఉంటే అలాంటివాటిలో చివరిది, మీరు రాసిన ఫైలు పేరు, దాని పక్కన ఉన్న లైను సంఖ్య. ఆ సంఖ్య మీద నొక్కితే నేరుగా ఆ లైనుకే వెళ్తారు. అప్పటికీ అర్థం కాకపోతే, మీ ఫైళ్ల పేర్లు తీసేసి, తప్పు పేరును మాత్రమే ఇంటర్నెట్‌లో వెతకండి.

ఇక మనుషులను అడగడం. ‘నా యాప్ పనిచేయడం లేదు, సాయం చేయండి’ అని అడిగితే ఎంత తెలిసినవారైనా చెప్పగలిగేది ఏమీ ఉండదు. అదే మాటను ఇలా అడిగి చూడండి: ‘బటన్ నొక్కితే నోటిఫికేషన్ రావాలి. ఆండ్రాయిడ్ 11 ఉన్న ఫోన్‌లో వస్తోంది, 13 ఉన్న ఫోన్‌లో కొత్తగా ఎక్కించి చూస్తే రావడం లేదు, ఎర్రర్ కూడా లేదు. ఆ బటన్ కోడ్ ఇది.’ తెలిసినవారు దీనికి నిమిషంలో జవాబిస్తారు: ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లు చూపడానికి వాడుకరిని యాప్ ముందుగా అనుమతి అడగాలి. మీది గుర్తుచేసే యాప్ కాబట్టి ఈ సమస్య మీకూ ఎదురుకావచ్చు. ఏం జరగాలి, ఏం జరుగుతోంది, ఏ ఫోన్‌లో, ఏ కోడ్‌తో అన్న నాలుగూ కాగితం మీద రాసి ఇస్తే, తీరిక లేని టీచరుగారు కూడా విరామంలో చూసి చెప్పగలుగుతారు. ప్రోగ్రాములు రాసేవారు ప్రశ్నలు అడిగే, 2008 నుంచి ఉన్న స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులోనూ ఇదే పద్ధతి. తప్పు కనిపించడానికి అవసరమైనంత చిన్న కోడ్ మాత్రమే అక్కడ ఇవ్వమంటారు. ఖాళీ ప్రాజెక్టులో ఆ ఒక్క ముక్కనే మళ్లీ రాస్తుండగా తప్పు తనంతట తానే బయటపడటం తరచుగా జరిగేదే. ‘ఇది ఇదివరకే అడిగిన ప్రశ్న’ అని అక్కడ మూసేస్తే చిన్నబుచ్చుకోకండి, పక్కనే ఇచ్చిన లింకులో జవాబు ఉంటుంది.

ప్రశ్న: మా ఇంట్లోని కంప్యూటరుకు 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే కదలడం లేదు. మా అబ్బాయి కోసం కొత్తది కొనక తప్పదా?
– ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే కొనవద్దు. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ కావాలి, కంప్యూటరులోనే ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే అదీ చాలదు. మీ కంప్యూటరుకు ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ సరిపోతుంది. గూగుల్ 2010లో మొదలుపెట్టగా తర్వాత అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం చేతికి వచ్చిన ఈ ఉచిత సాధనం బ్రౌజరులోనే నడుస్తుంది. స్క్రాచ్‌లో లాగే దిమ్మెలను ఒకదానికొకటి తగిలిస్తూ నిజమైన ఫోన్ యాప్ తయారుచేయవచ్చు. దీనికి తోడుగా ఉండే కంప్యానియన్ యాప్‌ను ఫోన్‌లో పెట్టుకుని కంప్యూటరు తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, చేసిన మార్పు వెంటనే ఫోన్‌లో కనిపిస్తుంది. యాప్ పెద్దదయ్యేకొద్దీ దిమ్మెలు చిక్కుపడిపోతాయన్నది నిజమే, కానీ ఆ చిక్కు వచ్చేసరికి అబ్బాయికి షరతులు, లూపులు, చలరాశులు బాగా వచ్చి ఉంటాయి. మరో దారి, బ్రౌజరులో తెరుచుకునే వెబ్ యాప్. దాన్ని రాసే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌లకు ఏ పాత కంప్యూటరైనా చాలు. వీటికి ఎండీఎన్ వెబ్ డాక్స్ అనే సైటు కన్నా నమ్మదగిన ఉచిత వనరు నాకు తెలియదు.

ప్రశ్న: ఏఐని అడిగి కోడ్ రాయించుకుంటే తప్పా?
– పదో తరగతి విద్యార్థి

జవాబు: మీ బడి నియమం ఏమిటో ముందు టీచరుగారిని అడగండి. నియమం ఒప్పుకున్నా, కోడ్ రాసిపెట్టమనడం కన్నా ఎర్రర్ సందేశాన్ని ఇచ్చి అర్థం చెప్పమనడమే మీకు లాభం. ఈ సాధనాలు లేని ఫంక్షన్ పేర్లను కూడా ఉన్నట్టే ధీమాగా చెబుతాయి, అందుకని చెప్పిన ప్రతి పేరునూ అధికారిక పత్రాల్లో సరిచూడాలి. మీకు అర్థం కాని లైనును ప్రాజెక్టులో ఉంచకండి, మూల్యాంకనంలో అడిగేది సరిగ్గా దాని గురించే కావచ్చు.

ప్రశ్న: నా వయసు 15. పూర్తయిన యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ప్లే స్టోర్‌లో డెవలపర్ ఖాతా తెరవడానికి 18 ఏళ్లు నిండాలి, ఒకసారి 25 డాలర్ల రుసుము కట్టాలి. ఆ పని అమ్మానాన్నల పేరుతో వారే చేయవలసి ఉంటుంది. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతాల వారైతే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్షింపజేయాలి. బడి ప్రాజెక్టుకు ఇదంతా అక్కరలేదు. యాప్‌ను ఫోన్‌లో ఎక్కించే ఏపీకే ఫైలును టీచరుగారి ఫోన్‌లోకి పంపి, తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ను ఎక్కించే అనుమతి ఇస్తే చాలు, పని పూర్తయ్యాక ఆ అనుమతిని మళ్లీ తీసేయమని చెప్పండి.