బహుమతికి కుట్టిన బొంతలో వరుసలు కలవలేదు, రంగు అంటుకుంది: ఏది విప్పాలి, ఏది వదిలేయాలి?

మీరు అడిగినవి మూడు. చదరాల వరుసలు ఒకదానికొకటి కలవడం లేదు, వెనక గుడ్డ అక్కడక్కడ మడతపడి కుట్లలో ఇరుక్కుంది, ఉతికితే ఎరుపు దిగి తెల్లముక్కలు గులాబీరంగుకు తిరిగాయి. ఇచ్చే రోజు దగ్గరపడిందన్నారు కాబట్టి ముందు రంగు సంగతి చూడండి. మిగతా రెండూ రేపటికి ఆగుతాయి, ఇది ఆగదు.

బొంతను ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే వద్దు. పొడి వేడి తగిలితే అంటిన రంగు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పెద్ద టబ్బులో సుమారు 60 డిగ్రీల వేడినీళ్లు పోసి, రంగులేని ద్రవ డిటర్జెంట్ రెండు మూడు చెంచాలు కలిపి, బొంతను పూర్తిగా ముంచండి. నీళ్లు పుష్కలంగా ఉండాలి. తక్కువైతే వదిలిన రంగు మళ్లీ పక్కముక్కకే అంటుతుంది. తేలే భాగం మీద బరువు పెట్టి 10-12 గంటలు వదిలేయండి. నీళ్లు రంగు తేలితే పారబోసి మళ్లీ అదే పని, నీళ్లు తేటగా నిలిచేదాకా. ఒకసారి ఆరిపోయిన బొంతకు కూడా ఇది చాలావరకు పనిచేస్తుంది. ఉప్పు, వెనిగర్ వేయమని చాలామంది చెబుతారు, కానీ నూలు బట్టకు వేసిన రంగును అవి నిలపలేవు. బ్లీచ్ జోలికి వెళ్లకండి, తెలుపుతో పాటు ఎరుపు కూడా పాలిపోతుంది. లోపల ఉన్ని పొర గానీ, పైన పట్టుముక్కలు గానీ ఉంటే ఈ వేడినీళ్ల పద్ధతి పనికిరాదు.

వరుసలు కలవకపోవడానికి దాదాపు ఎప్పుడూ కుట్టు మార్జినే, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే జాగానే కారణం. పావు అంగుళం వదలాల్సిన చోట అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయిందనుకోండి. పది చదరాల వరుసలో 9 అతుకులు, ఒక్కో అతుకు రెండు ముక్కల్నీ తింటుంది, మొత్తం మీద వరుస అంగుళం పైనే కురచవుతుంది. మీ మిషన్ ఎంత వదులుతోందో తెలియాలంటే 2½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీ కొలవండి. సరిగ్గా 2 అంగుళాలు రావాలి. తక్కువ వస్తే మార్జిన్‌ను ఒక దారప్పోగంత తగ్గించండి.

ఇప్పటికే కుట్టేసిన వరుసల్లో తేడా పావు అంగుళం లోపుంటే విప్పొద్దు. పొడుగు వరుసను కిందికి, గుడ్డను లాగే మిషన్ పళ్లవైపు పెట్టి, ప్రతి అతుకు దగ్గరా గుండుసూది గుచ్చి కుట్టండి. పళ్లు ఆ ఎక్కువను సర్దేస్తాయి. అంతకన్నా ఎక్కువుంటే ఒక్క అతుకులోనే సరిచేయకుండా మూడు నాలుగు అతుకులు విప్పి పంచండి. అతుకుల మార్జిన్‌ను ఒక వరుసలో కుడికీ, తర్వాతి వరుసలో ఎడమకీ మడిచి ఇస్త్రీ చేస్తే మూలలు ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చుంటాయి. చిన్న పనే, కానీ నన్నడిగితే బొంత అందమంతా ఇక్కడే ఉంది.

వెనక మడతలకు మూలం కుట్టే ముందటి దశలో ఉంటుంది. వెనక గుడ్డ పైదానికన్నా నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువుండాలి. దాన్ని నేలమీద టేపుతో బిగువుగా, సాగదీయకుండా అంటించి, పైన దూది పొర, ఆపైన కుట్టిన ముఖం పరిచి, 4 అంగుళాలకొక పిన్నీసు పెట్టాలి. కుట్టడం మధ్యనుంచి అంచులకు. గుడ్డను నొక్కిపట్టే మామూలు ఫుట్ పైపొరను ముందుకు తోస్తుంది కాబట్టి మూడు పొరల్నీ కలిపి లాగే వాకింగ్ ఫుట్ వాడండి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు.

వేలు దూరేంత మడతను మాత్రం విప్పాల్సిందే. కాలివేళ్లకు తగులుకుని కుట్లు తెగుతాయి. మడతకు అటూ ఇటూ నాలుగేసి అంగుళాల మేర ఒకవైపు ప్రతి మూడో కుట్టునీ కుట్లు విప్పే సీమ్ రిప్పర్‌తో తెంపి, రెండోవైపు దారం లాగితే జారి వచ్చేస్తుంది. సూది రంధ్రాలను తడిపి గోటితో రుద్దితే పూడతాయి. సన్నటి ముడతలను వదిలేయండి. లోపల నూలు పొర ఉంటే ఉతికాక బొంతంతా కొద్దిగా ముడుచుకుని అవి కలిసిపోతాయి.

వెనక దారం ఉచ్చులుగా వస్తే కిందిదారం చుట్టిన బాబిన్‌ను కదపకండి. ఫుట్ పైకెత్తి పైదారం మళ్లీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం దాన్ని బిగించే టెన్షన్ పళ్లేల మధ్యకు దిగదు. మధ్యమధ్య కుట్లు పడకుండా దాటిపోతుంటే సూది మార్చండి, 90/14 సైజు సరిపోతుంది.

అంచు పట్టీ లెక్కకు ఉదాహరణగా 60×78 అంగుళాల బొంత తీసుకుంటే చుట్టుకొలత 276 అంగుళాలు. మూలలకు, ముగింపుకు 12 కలిపి, ఏటవాలు అతుకుల్లో పోయేది లెక్కేస్తే 42 అంగుళాల పన్నా గుడ్డలో 2½ అంగుళాల పట్టీలు 8 కావాలి. మూల దగ్గర చివరికి పావు అంగుళం ముందే ఆపి తిప్పండి, లేకపోతే మడత కూర్చోదు.

నీళ్లకు పోయే నీలి మార్కర్ గీతలుంటే ఇస్త్రీకి ముందే చన్నీళ్లతో తీసేయండి. పెట్టిన పిన్నీసులెన్నో ముందే రాసుకుని, తీశాక సరిచూడండి. ఇచ్చేటప్పుడు ఉతికే పద్ధతి రాసిన చిన్న గుడ్డముక్కను వెనక మూలన కుట్టండి: చన్నీళ్లు, తక్కువ డిటర్జెంట్, నీడలో పరిచి ఆరబెట్టాలి.