బావి నీళ్లు ఎప్పటి నుంచి పాడయ్యాయి? ముందు ఆ తేదీ తేల్చుకోండి

సందేహం: మా పెరట్లో నాన్నగారు తవ్వించిన బావి ఉంది. పక్కింటివాళ్లు 18 ఏళ్ల కిందట మా గోడ పక్కనే సెప్టిక్ ట్యాంకు, సోక్ పిట్ (మురుగునీటిని నేలలోకి ఇంకించే గుంత) కట్టుకున్నారు. బావికి అది 20 అడుగుల దూరం ఉంటుందేమో. రెండేళ్ల కిందట పైన రెండు అంతస్తులు లేపి అద్దెకిచ్చారు. అంతవరకు ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగాం, అప్పటి నుంచి నీళ్లు వాసన వస్తున్నాయి. మా పాపను విరేచనాలతో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. అడిగితే ‘నా స్థలం, నా ఇష్టం’ అంటున్నారు. బావిలో బ్లీచింగ్ వేస్తూనే ఉన్నాం. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే నీళ్లు బాగానే ఉన్నాయని వచ్చింది. ఇప్పుడు పెద్దమనుషులు మధ్యలోకి వచ్చి, వాళ్ల ఖర్చుతో మాకు బోరు వేయిస్తారని, బదులుగా సోక్ పిట్ మీద మాకు అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద రాసివ్వాలని అంటున్నారు. నేను రాసుకున్న లాయర్ నోటీసు చిత్తుప్రతి పంపుతున్నాను. కేసు వేస్తే గెలుస్తామా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పక్కింటివాళ్ల మాట తీరు గురించే ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. మీ కేసును తేల్చేది ఒకే ఒక్క విషయం: నీళ్లు ఎప్పటి నుంచి పాడయ్యాయి? దీనికి మీరే రెండు జవాబులు ఇచ్చారు. ఉత్తరంలో రెండేళ్ల నుంచి అన్నారు. నోటీసులో మాత్రం ‘గత 18 సంవత్సరాలుగా మా బావి నీటిని కలుషితం చేస్తున్నారు’ అని రాశారు.

కోపంలో కాలాన్ని పెంచి రాస్తే కేసు బలపడుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అది ప్రతివాది చేతికి మీరే ఆయుధం ఇవ్వడం అవుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 15 చదవండి. ఈజ్‌మెంట్ అంటే పొరుగువారి ఆస్తి మీద ఒకరికి ఉండే వాడకపు హక్కు. ఒకరి నీటిని కలుషితం చేయడాన్ని కూడా ఎవరైనా బహిరంగంగా, గొడవ లేకుండా, హక్కుగా, అంతరాయం లేకుండా 20 ఏళ్లు సాగిస్తే, అది ఈజ్‌మెంట్ హక్కుగా మారిందని వాదించే వీలు ఆ సెక్షన్‌లో ఉంది. ఆ 20 ఏళ్లు గుంత తవ్విన రోజు నుంచి లెక్కకు రావు. కాలుష్యం వల్ల మీ ఆస్తికి మొదటిసారి స్పష్టంగా నష్టం తెలిసిన రోజు నుంచే మొదలవుతాయి. అంటే నిజానికి మీ విషయంలో గడిచింది రెండేళ్లే. కానీ మీ నోటీసు 18 ఏళ్లు గడిచాయని ఒప్పుకుంటోంది. మరో రెండేళ్లు వాయిదాలు, రాయబారాలతో గడిస్తే వాళ్ల లాయరు మీ నోటీసునే కోర్టులో దాఖలు చేస్తాడు.

నిజం దాచమని నేను ఏ క్లయింటుకూ చెప్పను. 18 ఏళ్లుగా నీళ్లు పాడై ఉంటే అలాగే రాయండి, అప్పుడు వాదన వేరేగా ఉంటుంది. కానీ రెండేళ్ల కిందటి వరకు ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగామని మీ ఉత్తరంలోనే ఉంది కదా? అలాంటప్పుడు జరగనిది ఎందుకు రాశారు? రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ ఒక్క ప్రశ్నకే మీరు తడబడతారు.

ఇంకో సంగతి. నోటీసు ఇచ్చినంత మాత్రాన ఆ 20 ఏళ్ల లెక్క ఆగదు. చట్టం దృష్టిలో అంతరాయం అంటే ఆ వాడకం నిజంగా ఆగిపోవాలి. నోటీసు పంపి బీరువాలో నకలు పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు, దావా వేయాలి.

‘నా స్థలం, నా ఇష్టం’ అన్న మాటకు చట్టంలో విలువ లేదు. తన భూమిలోంచి ఇంకి ప్రవహించే నీరు తన దగ్గరికి చేరేలోపు ఇతరులు దాన్ని అసమంజసంగా కలుషితం చేయకూడదన్న హక్కు ప్రతి భూయజమానికీ ఉందని అదే చట్టం సెక్షన్ 7 ఉదాహరణల్లో రాసి ఉంది. ఇంగ్లండ్‌లో 1885లో తేలిన బల్లార్డ్ వర్సెస్ టాంలిన్‌సన్ కేసు అచ్చం మీలాంటిదే. ఒకాయన తన పాత బావిని మురుగు గుంతగా వాడుకున్నాడు, ఆ మురుగు భూమిలోంచి పాకి పొరుగువాడి బావిలో చేరింది. భూమి లోపలి నీరు ఎవరి సొంతమూ కాకపోవచ్చు గానీ, దాన్ని పాడుచేసి పొరుగువాడికి పంపే హక్కు ఎవరికీ లేదని అప్పీలు కోర్టు తేల్చింది. నీళ్లు తోడుకోవడం వేరు, పాడుచేయడం వేరు.

హక్కు విషయంలో మీకు ఇబ్బంది లేదు. ఇబ్బంది సాక్ష్యంతోనే. బ్లీచింగ్ వేసిన బావిలోంచి నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే బ్యాక్టీరియా ఎలా కనబడుతుంది? మీ చేతులతోనే మీ సాక్ష్యాన్ని చంపేశారు. పైగా ‘నీళ్లు బాగానే ఉన్నాయి’ అన్న రిపోర్టు సంపాదించారు. అది మీ సంతకంతో ఉన్న కాగితం, దాన్ని చింపేయకండి. దాని పక్కనే, బ్లీచింగ్ వేసిన తేదీలు రాసి పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. తాగడానికి, వంటకు వేరే నీళ్లు ఏర్పాటు చేసుకుని బ్లీచింగ్ ఆపండి. నీటిలో క్లోరిన్ మిగలలేదని తేలాక, గుర్తింపు ఉన్న ల్యాబ్ మనిషినే పిలిపించి, శుద్ధి చేసిన సీసాలో నమూనా తీయించండి. దాన్ని చల్లగా ఉంచి అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి. తీసిన సమయం, చోటు, ఇద్దరు సాక్షుల సంతకాలు కాగితం మీద ఉండాలి. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్లిన నీళ్లకు కోర్టులో విలువ ఉండదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నమూనాలో ఈ-కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) అసలు కనిపించకూడదు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నైట్రేట్ పరీక్ష తప్పక చేయించండి, ఎందుకంటే బ్లీచింగ్ బ్యాక్టీరియాను చంపుతుంది గానీ నైట్రేట్‌ను తీసేయదు. మురుగులోని నత్రజని మట్టిలో నైట్రేట్‌గా మారి నీటిలో మిగులుతుంది. కానీ నైట్రేట్ ఎరువుల వల్ల కూడా రావచ్చు. అందుకే సోక్ పిట్‌కు దూరంగా ఉన్న మరో బావి నీళ్లు కూడా అదే రోజు పరీక్ష చేయించండి. ఆ బావి బాగుండి మీది పాడైతే, మూలం ఎటు ఉందో చూపే దారి దొరుకుతుంది.

అప్పటికీ ‘ఈ మురుగు మాదని రుజువేమిటి’ అని వాళ్లు అంటారు. దానికి జవాబు కోర్టు ద్వారానే వస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26లో రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్ (కోర్టు నియమించే లాయరు) వచ్చి దూరాలు కొలుస్తాడు. రూల్ 10ఏ కింద శాస్త్రీయ పరీక్షకు కమిషన్ వేయించుకోవచ్చు. వాళ్ల మరుగుదొడ్డిలో ఫ్లోరొసిన్ లాంటి రంగు పోసి మీ బావిలో తేలుతుందో లేదో చూసే పరీక్ష అలా ఇరుపక్షాల ఎదుట జరగాలి. దయచేసి దాన్ని మీరు సొంతంగా చేయకండి. దూరం సంగతికి వస్తే, సోక్ పిట్‌కూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని సెప్టిక్ ట్యాంకుల ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. మీరన్న 20 అడుగులు దాదాపు 6 మీటర్లు, మూడో వంతు మాత్రమే.

పై అంతస్తుల ప్లాన్‌ను సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకోండి. అందులో సెప్టిక్ ట్యాంకు ఎక్కడ చూపారు, ఎంత సామర్థ్యం అన్నవి చూడండి. అద్దెకున్నవాళ్లు ఎప్పుడు దిగారో తేదీ కూడా కావాలి. ఎందుకంటే, ఒకవేళ వాళ్లకు పాత గుంత మీద ఏదో హక్కు పుట్టిందని కోర్టు అనుకున్నా, సెక్షన్ 28 ప్రకారం ఆ హక్కు మొదట్లో ఎంత కాలుష్యం ఉండేదో అంతవరకే. ఒక కుటుంబానికి తవ్విన గుంతలో మూడు అంతస్తుల మురుగు వదిలే హక్కు ఆ దారిన రాదు.

ఇక ఆ స్టాంపు పేపరు సంగతి. సంతకం పెట్టకండి. బోరు ఉచితంగా వస్తుందన్న ఆశ మంచిదే, కానీ అదే నేలలో, అదే గుంత పక్కన వేసే బోరుకు కేసింగ్ పైపు సరిగా దింపకపోతే మురుగు ఇంకా లోతుకు దిగుతుంది. అప్పుడు ‘మాకు అభ్యంతరం లేదు’ అన్న మీ రాత మీ పిల్లలకూ, రేపు మీ ఇల్లు కొనేవాళ్లకూ మెడకు చుట్టుకుంటుంది. రిజిస్టరు కాలేదు కదా అని ధైర్యపడకండి. మీరు అంగీకరించి ఊరుకున్నారనడానికి వాళ్లు ఆ కాగితాన్నే చూపిస్తారు, ఊరుకున్నవాళ్లకు ఇంజంక్షన్ (ఒక పనిని ఆపమనో, చేయమనో ఇచ్చే కోర్టు ఆదేశం) నిరాకరించే అధికారం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 41 కోర్టుకు ఇచ్చింది. రాజీ కావాలంటే ఆ కాగితంలో రాయాల్సింది వేరు: ఏ తేదీలోగా సోక్ పిట్‌ను ఎక్కడికి మారుస్తారు, పాతదాన్ని ఎలా పూడుస్తారు, నీళ్లు బాగుపడకపోతే ఏం చేస్తారు.

పోలీసు కేసు పెడితే దారికొస్తారని కూడా రాశారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 279 పబ్లిక్ ఊట, జలాశయం నీళ్ల గురించి చెబుతుంది, మీ ఇంటి బావికి వర్తించదు. చుట్టుపక్కల చాలా ఇళ్ల బావులు పాడై ఉంటే మాత్రం జాతీయ హరిత ట్రిబ్యునల్ దారి ఉంది. అక్కడ పరిహారానికి అయిదేళ్లు, ఇతర ఆదేశాలకు ఆరు నెలల గడువు. రెండిళ్ల మధ్య తగాదాకు సివిల్ కోర్టే సరైన చోటు.

దావాలో శాశ్వత ఇంజంక్షన్‌తో పాటు గుంతను తొలగించాలన్న మాండేటరీ ఇంజంక్షన్ కూడా అడగండి. కాలుష్యం ప్రతిరోజూ కొనసాగుతోంది కాబట్టి దావా గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం సెక్షన్ 22 మీకు తోడుంటుంది, దాని ప్రకారం గడువు రోజూ కొత్తగా మొదలవుతుంది. కానీ ఆసుపత్రి ఖర్చు లాంటి డబ్బు క్లెయిములకు మూడేళ్ల గడువు. పాప మొదటిసారి ఆసుపత్రిలో చేరి రెండేళ్లు కావస్తుంటే మీకు మిగిలింది ఏడాదే. డిశ్చార్జి సమ్మరీ, మల పరీక్ష రిపోర్టు, బిల్లులు ఈ వారమే ఆసుపత్రి నుంచి తీసుకోండి. నోటీసును మీ లాయరుతో మళ్లీ రాయించండి. అందులో మొదటి పేరాలోనే, నీళ్లలో వాసన మొదట తెలిసిన నెల, సంవత్సరం ఉండాలి.