టెక్ సందేహాలు: మీ తెర వేరు, వాళ్ల తెర వేరు

ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇవ్వాల్సినవాళ్లు అడిగిన ప్రశ్నలు కొన్ని ఈసారి తీసుకున్నాం. అందరి బాధా దాదాపు ఒకటే. ల్యాప్‌టాప్‌లో తమకు కనిపించింది ఒకటి, మీటింగులో అవతలివాళ్లకు కనిపించింది ఇంకొకటి.

ప్రశ్న: ప్రొజెక్టర్ తగిలించి స్లయిడ్ షో మొదలుపెడితే నా నోట్స్ గోడ మీద, స్లయిడ్ నా ల్యాప్‌టాప్‌లో వస్తున్నాయి. ఎందుకిలా? (బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం)

జవాబు: పవర్‌పాయింట్ ఏ తెర మీది, ఏ తెర గదిది అన్నది తారుమారుగా లెక్కేసింది, అంతే. షో నడుస్తుండగానే ప్రెజెంటర్ వ్యూలో (నోట్స్ కనిపించే తెరలో) పైన ఉండే ‘డిస్‌ప్లే సెట్టింగ్స్’ నొక్కి, ‘స్వాప్ ప్రెజెంటర్ వ్యూ అండ్ స్లయిడ్ షో’ ఎంచుకోండి. రెండూ చోట్లు మార్చుకుంటాయి.

అసలు అలవాటు చేసుకోవాల్సింది కేబుల్ పెట్టగానే విండోస్ కీ, పి కలిపి నొక్కడం. అక్కడ ‘డూప్లికేట్’ ఉంటే రెండు చోట్లా ఒకే బొమ్మ. మీరు ఫైలు వెతుక్కుంటున్నా, మెయిల్ తెరిచినా గదంతా చూస్తుంది. ‘ఎక్స్‌టెండ్’ పెడితే ప్రొజెక్టర్ రెండో తెర అవుతుంది. అప్పుడు ఎఫ్5 కొడితే గోడ మీద స్లయిడ్ మాత్రమే, మీ ముందు నోట్స్, తర్వాతి స్లయిడ్, గడియారం. ఎక్స్‌టెండ్‌తో ఒక చిక్కుంది: మౌస్ బాణం అంచు దాటి గోడ మీదికి వెళ్లిపోతుంది, మీరు ల్యాప్‌టాప్‌లో దానికోసం వెతుకుతుంటారు. వెళ్లిన వైపు నుంచే వెనక్కి లాగితే వచ్చేస్తుంది.

ఇంట్లో ప్రొజెక్టర్ లేకుండా సాధన చెయ్యాలంటే ఆల్ట్ పట్టుకుని ఎఫ్5 నొక్కండి. ఒక్క తెర మీదే ప్రెజెంటర్ వ్యూ వస్తుంది. మాట్లాడేటప్పుడు చూపు స్లయిడ్ మీంచి మీ మీదికి రావాలనుకుంటే బి నొక్కండి, తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే తిరిగొస్తుంది. ఇంత పనికొచ్చే కీ పవర్‌పాయింట్‌లో ఇంకోటి లేదు, వాడేవాళ్లు మాత్రం తక్కువ.

ప్రశ్న: నేను మాట్లాడటం పూర్తికాకముందే స్లయిడ్లు వాటంతటవే ముందుకెళ్లిపోతున్నాయి. రిమోట్ పాడైందా? (మెడికల్ రిప్రజెంటేటివ్, విజయవాడ)

జవాబు: రిమోట్‌ను అనుమానించకండి. ముందురోజు ‘రిహార్స్ టైమింగ్స్’తో సాధన చేసి ఉంటారు. చివర్లో ‘ఈ సమయాలు సేవ్ చెయ్యాలా’ అని అడిగినప్పుడు ‘ఎస్’ కొట్టారు. దాంతో ఒక్కో స్లయిడ్‌కి నిన్న మీరు తీసుకున్న సెకన్లు అందులో అచ్చుపడిపోయాయి. ఇవాళ గదిలో ఎవరో ప్రశ్న అడిగినా, మీరు నీళ్లు తాగినా అది ఆగదు. ‘స్లయిడ్ షో’ ట్యాబ్‌లో ‘యూజ్ టైమింగ్స్’ పక్కన టిక్కు తీసేస్తే సరి.

‘ట్రాన్సిషన్స్’ ట్యాబ్‌లో ‘ఆఫ్టర్’ టిక్కు తీసి ‘అప్లై టు ఆల్’ నొక్కమని కొందరు చెబుతారు. అలా చేస్తే ఆ ఒక్క స్లయిడ్‌కున్న ట్రాన్సిషన్ (స్లయిడ్ మారేటప్పుడు వచ్చే హంగు) కూడా మిగతా అన్నిటికీ అంటుకుంటుంది. పై పద్ధతే మేలు. సాధన మాత్రం మానకండి. మొత్తం ఎంతసేపు పట్టిందో చివర్లో చూపిస్తుంది కదా, అది కాగితం మీద రాసుకుని ‘నో’ కొట్టండి.

ప్రశ్న: మండల స్థాయి శిక్షణ కోసం తెలుగులో స్లయిడ్లు చేశాను. మీటింగ్ హాలు కంప్యూటర్‌లో తెరిస్తే కొన్ని అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలయ్యాయి, కొన్నిచోట్ల వత్తులు కింది వరుసలోకి దిగాయి. (ప్రభుత్వ ఉద్యోగి, నల్గొండ జిల్లా)

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఇంగ్లిష్ అక్షరాలుగా మారిన భాగం ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో టైపు చేసింది అయ్యుంటుంది. డీటీపీ సెంటర్లో చేయించిన మేటర్ కాపీ కొడితే ఇలాగే అవుతుంది. ఆ ఫాంట్లలో లోపల దాగి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలే, పైకి తెలుగు వేషం వేస్తాయి. ఫాంట్ లేని కంప్యూటర్లో వేషం ఊడుతుంది. ఆ భాగం యూనికోడ్‌లోకి (తెలుగును తెలుగుగానే దాచే పద్ధతిలోకి) మార్చుకోవాలి, లేదా మళ్లీ టైపు చెయ్యాలి. విండోస్ 8 నుంచి నిర్మల యూఐ అనే తెలుగు కూడా చూపే ఫాంట్ వస్తోంది, దాన్ని వాడితే ఎక్కడైనా చెల్లుతుంది. మండలి, రామభద్ర లాంటివి కావాలంటే ‘ఫైల్’, ‘ఆప్షన్స్’, ‘సేవ్’లోకి వెళ్లి అట్టడుగున ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ టిక్ చేసి, ‘ఎంబెడ్ ఆల్ క్యారెక్టర్స్’ ఎంచుకోండి. అయినా సరే, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ ఒకటి ఉంచుకోండి. యానిమేషన్లు పోతాయి గానీ అక్షరం చెదరదు.

ఇక వత్తుల సంగతి. పవర్‌పాయింట్ మామూలుగా ఇచ్చే డిజైన్‌లో వరుసల ఎడం 0.9 ఉంటుంది. కింద వత్తుల్లేని ఇంగ్లిష్‌కి అది చాలు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలున్న వరుసకు చాలదు, వత్తు కింది వరుస గుడిని పొడుస్తుంది. ‘వ్యూ’లో ‘స్లయిడ్ మాస్టర్’ తెరిచి, ఎడమవైపు అన్నిటికన్నా పైనున్న పెద్ద స్లయిడ్‌లో ‘లైన్ స్పేసింగ్ ఆప్షన్స్’కి వెళ్లి ‘మల్టిపుల్’ 1.2 చెయ్యండి. ఒక్కసారి మారిస్తే మీరు విడిగా ఎడం మార్చుకున్నవి, ‘టెక్స్ట్ బాక్స్’తో సొంతంగా పెట్టుకున్నవి తప్ప మిగతా పెట్టెలు సర్దుకుంటాయి.

అక్షరం ఎంత పెద్దదుండాలో పాయింట్ల లెక్కకన్నా కొలిచి చూసుకోవడం నయం. 100 అంగుళాల ప్రొజెక్టర్ తెర ఎత్తు సుమారు 125 సెంటీమీటర్లు. చివరి కుర్చీ 8 మీటర్ల దూరంలో ఉంటే, తెర ఎత్తుకి 6.4 రెట్లు. 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర ఎత్తు 17.4 సెంటీమీటర్లు, దానికి 6.4 రెట్లంటే 111. కాబట్టి స్లయిడ్ నిండా పెట్టి, టేపు పట్టి 111 సెంటీమీటర్లు వెనక్కి జరిగి చదవండి. వత్తులు విడిగా కనబడకపోతే చివరి వరుసవాళ్లకూ కనబడవు.

ప్రశ్న: ఎక్సెల్ నుంచి చార్ట్ తెచ్చి పెట్టాను. మా మేనేజర్‌గారు ఎడిట్ చెయ్యబోతే లింక్ ఫైల్ దొరకడం లేదంటోంది. (హెచ్‌ఆర్ విభాగం, హైదరాబాద్)

జవాబు: కంట్రోల్ వి కొడితే పవర్‌పాయింట్ చార్ట్‌ని ‘లింక్ డేటా’ పద్ధతిలో పెడుతుంది. బొమ్మ స్లయిడ్‌లో, అంకెలు మీ కంప్యూటర్లోని ఎక్సెల్‌లో. ఆయన దగ్గర ఆ ఎక్సెల్ లేదు, అందుకే ఆ మాట.

దీనికి చాలామంది ‘ఎంబెడ్ వర్క్‌బుక్’ మందంటారు. మీ విభాగంలో మాత్రం ఆ పని చెయ్యకండి. దాంతో చార్ట్ ఒక్కటే రాదు, వర్క్‌బుక్ (అంటే ఆ ఎక్సెల్ ఫైలు) మొత్తం, అన్ని షీట్లతో సహా, స్లయిడ్ లోపల కూర్చుంటుంది. విభాగాలవారీ మొత్తాలు చూపిద్దామని చార్ట్ పెడతారు. ఫైలు అందుకున్న ఎవరైనా దాని మీద కుడి క్లిక్ కొట్టి ‘ఎడిట్ డేటా’ అంటే పక్క షీట్లో ఒక్కొక్కరి జీతం కనబడుతుంది. గోడ మీద చూపినంతసేపూ ఏమీ కాదు, మెయిల్లో పంపాకే కొంప మునుగుతుంది. పేస్ట్ చేసేటప్పుడు కుడి క్లిక్‌లో ‘పిక్చర్’ ఎంచుకోండి. మార్చే వీలు కావాలంటే, చార్ట్‌కి కావాల్సిన నాలుగు వరుసల మొత్తాలే కొత్త ఎక్సెల్ ఫైల్లో టైపు చేసి, అక్కడ చార్ట్ గీసి ఎంబెడ్ చెయ్యండి.

పనిలో పని, ఫొటోలదీ ఇదే కథ. ఆధార్ కాపీలో నంబరు క్రాప్ చేసేశామనుకుంటారు. క్రాప్ చేసిన ముక్క ఫైల్లోనే ఉంటుంది. ‘కంప్రెస్ పిక్చర్స్’లో ‘డిలీట్ క్రాప్డ్ ఏరియాస్’ టిక్ చేస్తేనే పోతుంది. పంపేముందు ‘ఫైల్’, ‘ఇన్ఫో’లో ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నడిపితే స్పీకర్ నోట్స్ కూడా తీసెయ్యొచ్చు. అది కాపీ మీద చెయ్యండి, అసలు ఫైల్ మీద కాదు.

ప్రశ్న: నాకిచ్చింది 15 నిమిషాలు, స్లయిడ్లు 40 అయ్యాయి. ఏదీ తీసెయ్యడానికి మనసొప్పడం లేదు. (సివిల్ ఇంజినీర్, విశాఖపట్నం)

జవాబు: తీసెయ్యకండి, దాచండి. ప్రశ్నలకి 4 నిమిషాలు వదిలితే మీకు మిగిలేది 11. అందులో 8 స్లయిడ్లు దాటితే ప్రతిదీ పరుగే. ఆ ఎనిమిదీ ముందుంచి, మిగతా 32 ఎంచుకుని కుడి క్లిక్‌లో ‘హైడ్ స్లయిడ్’ అనండి. షోలో అవి రావు. పైఅధికారి ‘కాంక్రీట్ టెస్ట్ ఫలితాలేవీ’ అని అడిగారనుకోండి, అది 23వ స్లయిడ్ అయితే 23 టైపు చేసి ఎంటర్ కొట్టండి. దాచినదైనా వచ్చి నిలబడుతుంది. ముగియగానే ఇంతకుముందున్న స్లయిడ్ నంబరు కొట్టి వెనక్కి రండి. అందుకని దాచిన స్లయిడ్ల నంబర్లు, పేర్లు ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకోండి. ప్రెజెంటర్ వ్యూలో అన్ని స్లయిడ్లూ చూసే బటన్ ఉంది గానీ, ఒత్తిడిలో 40 చిన్న బొమ్మల్లో వెతుక్కోవడం కన్నా చీటీయే వేగం.

ప్రశ్న: జూమ్‌లో వీడియో ప్లే చేస్తే అవతలివాళ్లకి శబ్దం వినబడట్లేదు. (ఉపాధ్యాయిని, తిరుపతి)

జవాబు: ‘షేర్’ నొక్కాక తెరిచే పెట్టెలో ‘షేర్ సౌండ్’ అని ఉంటుంది, అది టిక్ చేసి షేర్ చెయ్యండి. ప్రొజెక్టర్ దగ్గర ఇదే సమస్య వస్తే మాత్రం కేబుల్ చూడండి. నీలిరంగు వీజీఏ కేబుల్ బొమ్మనే తీసుకెళుతుంది, శబ్దానికి వేరే వైరు కావాలి. హెచ్‌డీఎంఐ అయినా వినబడకపోతే టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, శబ్దం వెళ్లాల్సిన చోటు ప్రొజెక్టరో ల్యాప్‌టాపో మీరే ఎంచుకోవాలి.