శిల్పాల ఊళ్లో రెండేళ్లు: ముందు ఆ దుమ్ము గురించి మాట్లాడాలి

తమిళనాడులో రాతి శిల్పాలు చెక్కే పల్లెలో జీవితం ఎలా ఉంటుందని అడిగారు. తిరుప్పూర్‌లో బనియన్ కంపెనీలో పనిచేసే రోజుల్లో నేను రెండేళ్లు తిరుమురుగన్‌పూండిలో అద్దెకున్నాను. అవినాశి వెళ్లే దారిలో వస్తుంది. శివభక్త కవి సుందరర్ దగ్గరున్న బంగారాన్ని శివుడి భూతగణాలు దోచుకున్నది ఇక్కడేనంటారు. రోడ్డు వెంబడి రేకుల షెడ్లు, వాటి ముందు తొండం మాత్రమే తేలిన వినాయకులు, ముఖం ఇంకా రాని నందులు. పొద్దున్నే రాయి కోసే గ్రైండర్ల రొద మొదలవుతుంది.

మా ఇంటాయన శిల్పే. అరవై దాటాయి. రాయి దిగగానే సుత్తితో తట్టి వినేవారు. గంటలా ఖంగుమంటే మగరాయి, దేవుడికి. కాస్త మెత్తగా మోగితే ఆడరాయి, అమ్మవారికి. మోగనిది పీఠానికి. వినగా వినగా నాకూ తేడా తెలిసింది.

ఒకసారి ఏదో ఊరివాళ్లు మూడడుగుల మారియమ్మన్ విగ్రహానికి ఆర్డరిచ్చారు. మూడు వారాల పని అయ్యాక ఆయన బకెట్‌తో నీళ్లు పోసి, ఎండలో పక్కన కూర్చున్నారు. రాయంతా తెల్లబడుతోంది. ఎడమ భుజం నుంచి నడుము దాకా వెంట్రుకంత గీత మాత్రం నల్లగానే ఉండిపోయింది. "తంబీ, అంతా ఆరింది, ఇది ఆరలేదు చూడు" అన్నారు. లోపల పగులుంటే నీరు అక్కడ నిలుస్తుంది. తడిపితే తప్ప కంటికి కనపడదు.

ఆర్డరిచ్చినవాళ్లు వచ్చి, కుంభాభిషేకం దగ్గర పడింది, ఏదో ఒకటి పూసి ఇచ్చేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. విగ్రహానికి చివర్లో కళ్లు చెక్కి తెరిపించే తంతు ఇంకా కాలేదు కాబట్టి అది రాయేనని, దాన్ని పక్కకు దొర్లించి సొంత డబ్బుతో కొత్త రాయి తెప్పించారు. పోయిన మూడు వారాలకు ఎవరూ రూపాయి ఇవ్వలేదు. పైగా ఆలస్యమైందని బేరమాడారు. బట్టల షాపులో ఫిక్స్‌డ్ రేటంటే నోరెత్తని మనం దేవుడి విగ్రహం దగ్గర బేరమాడతాం, నాకు ఇదే మింగుడు పడదు.

తేదీ అందుకోవాలని రాత్రిళ్లు కూడా గ్రైండర్ పెట్టారు. ఆ దుమ్ము మా మల్లెచెట్టు మీద, ఆరేసిన బట్టల మీద, మూత పెట్టిన పెరుగు మీద కూడా. ముఖానికి కట్టుకునేది ఒక తువ్వాలు. నల్లరాతి దుమ్ములో కంటికి కనపడని సన్నటి సిలికా ఉంటుంది, తువ్వాలు దాన్ని ఆపదు. అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. ఆయన తెల్లవారుజామున దగ్గుతుంటే గోడ అవతల నాకు మెలకువ వచ్చేది.

కళ అంతరించిపోతోందని రాసేవాళ్లు ఈ దగ్గు వినలేదు. ఆయన చిన్నబ్బాయి మా కంపెనీలోనే కటింగ్ సెక్షన్‌లో చేరాడు. కులవృత్తి ఎందుకు వదిలేశావని అడిగితే, "నాన్న దగ్గు మీకు వినపడట్లేదా అన్నా" అన్నాడు. పిల్లలకు కళ మీద ప్రేమ లేదనే మాట ఆ తర్వాత నేను ఎవరు అన్నా ఒప్పుకోను.

గ్రైండర్ మానేయమని నేననను, చేతికి అంత సాయం ఇంకోటి లేదు. కోసేచోట నీళ్లు పడే ఏర్పాటుంటే దుమ్ము చాలావరకు అణుగుతుంది. సరైన మాస్కు కావాలి. తిరుమురుగన్‌పూండికి వెళ్లినా, శిల్పాలు చెక్కే మన ఆళ్లగడ్డకు వెళ్లినా విగ్రహం ధర అడిగేముందు ఆ నీళ్ల పైపు ఉందా అని అడగండి. లేకపోతే దాని ఖర్చు మీ ఆర్డర్‌లో కలిపి ఇవ్వండి, గడువు ఒక నెల ఎక్కువ పెట్టండి.