మంచు ఫొటోలో బూడిద రంగుకు ఎందుకు తిరుగుతుంది?

ప్రశ్న: సైన్యంలో పనిచేస్తున్న మా అబ్బాయిని చూడటానికి నిరుడు జనవరిలో కశ్మీర్ వెళ్లి, గుల్‌మార్గ్‌లో ఫోనుతో చాలా ఫొటోలు తీసుకున్నాము. కంటికి తెల్లగా మెరిసిన మంచు ఫొటోల్లో బూడిద రంగుగా, మా ముఖాలు నల్లగా వచ్చాయి. సంక్రాంతి వెళ్లాక మళ్లీ బయలుదేరుతున్నాము. కొత్త ఫోను కొనాలా?
– ఒక పాఠకురాలు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కొననవసరం లేదు. ఎదుటి దృశ్యం ఎలాంటిదైనా దాని సగటు వెలుగు నలుపు తెలుపుల నడుమ ఉండాలన్న లెక్కతో కెమెరా పనిచేస్తుంది. అందువల్ల తెర నిండా మంచే ఉన్నప్పుడు వెలుతురు మితిమీరిందని భావించి దానిని తగ్గిస్తుంది, దాంతో మంచు మాసిన పంచెలా, ముందు నిలబడినవారి ముఖాలు చీకటిగా పడతాయి.

తెరమీద మంచును ఒకసారి తాకి, పక్కన సూర్యుడి గుర్తు కనిపిస్తే దానిని వేలితో కొద్దిగా పైకి జరపండి. అంకెలు చూపే ఫోనైతే +0.7 నుంచి +1 వరకు సాధారణంగా సరిపోతుంది. మరీ పెంచితే మంచు మీది గరుకుదనమూ అడుగుల జాడలూ చెరిగిపోయి తెల్లకాగితమే మిగులుతుంది.

ఈ సాధన చలిలో వేళ్లు కొంకర్లు పోతుండగా చేయడం కన్నా ఇక్కడే చేయడం మేలు. మీకు చేరువలోని నౌపడలో ఉప్పు మడులున్నాయి కదా. కప్పు వేయని ఉప్పు కుప్ప ఒకటి దొరికితే, మంచి ఎండలో దాని ముందు ఇంట్లోవారిని నిలబెట్టి పదిసార్లు తీసి చూడండి. ఉప్పుకూ మంచుకూ తేడా కెమెరాకు తెలియదు. అంత దూరం వెళ్లలేకపోతే డాబామీద ఆరేసిన తెల్ల దుప్పటి చాలు.

మిట్టమధ్యాహ్నం కన్నా ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో మంచు ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. నీడలకు నీలం వచ్చేది ఆకాశపు వెలుగువల్లనే కనుక దానిని పూర్తిగా తుడిచేయవద్దని నా సలహా. మంచు కురుస్తుంటే ముదురు రంగు దేవదారు చెట్లు వెనక ఉండేలా నిలబడి, ఫ్లాష్ ఆపి తీయండి. లేకపోతే దగ్గరి రేకులు తెల్లని మచ్చలవుతాయి.

చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కాబట్టి ఫోనును లోపలి జేబులో ఉంచండి. బుఖారీ పొయ్యి వెలిగించిన గదిలోకి వచ్చేముందు దానిని జిప్ కవరులో మూసి, గది వేడికి సర్దుకున్నాకే బయటికి తీస్తే లెన్సుమీద చెమ్మ పట్టదు.